అవ్వ చేతిలో జపమాల

అవ్వ పోయిన రోజు ఇంటి నిండా జనం. చింతామణి దగ్గరి మా ఊరివాళ్ళు, బెంగళూరు నుంచి మాతో పాటు దిగినవాళ్ళు, అందరూ పెట్టె చుట్టూ కూర్చొని జపమాల చెప్తా ఉన్నారు. అమ్మ అవ్వ రెండు చేతులూ ఛాతీ మీద కలిపి, వేళ్ళ చుట్టూ ఆమె పాత జపమాల చుట్టింది. చెక్కపూసలవి. ఎన్నో ఏళ్ళు ఆ వేళ్ళ మధ్యే తిరిగి తిరిగి నున్నగా అయిపోయినాయి.

అప్పుడు మా బావ, అంటే అక్క పెనిమిటి, నాయన పక్కకొచ్చి మెల్లగా అన్నారు. "మామా, ఆ పూసలు తీసేస్తే బాగుంటుందేమో. ఆమె ప్రభువు దగ్గరికి పోయింది. ఇంక వాటితో ఏం పని?"

నాయన కాసేపు మాట్లాడలేదు. "అవి ఆమెవప్పా. ఆమెతోనే పోనీ" అన్నాడు. అంతటితో ఆ మాట ఆగింది. కానీ పక్కనున్న మాకందరికీ వినబడింది. అక్కకు కూడా.

బావ చెడ్డవారు కాదు. ముందే ఇది చెప్పల్ల. అవ్వ ఆస్పత్రిలో ఉన్న పదకొండు రోజుల్లో ఎక్కువ రాత్రులు ఆమె మంచం పక్కన కూర్చున్నది ఆయనే. నెల్లూరు వైపు నుంచి ఉద్యోగం కోసం బెంగళూరుకు వచ్చిన కుటుంబం వాళ్ళది. ప్రొటెస్టెంట్లు. వాళ్ళ సంఘంలో స్వరూపాలు లేవు, జపమాల లేదు, చిన్నపిల్లలకు జ్ఞానస్నానం లేదు. బైబులు మాత్రం ఆయనకు చేతిలోని రేఖలంత బాగా తెలుసు. ఆ రోజు ఆయన అడిగింది అవ్వ మీద ప్రేమతోనే అని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ పొద్దు మాత్రం కోపమే వచ్చింది.

ఆ తర్వాత రోజుల్లో ప్రశ్నలు ఒక్కొక్కటే వచ్చినాయి. భోజనాల దగ్గర, ఫోన్లో, పిల్లల పుట్టినరోజుల్లో. బొమ్మలకెందుకు మొక్కుతారు? మరియమ్మను ఎందుకు అడుగుతారు, ఏసు ఉండగా? చచ్చిపోయినవాళ్ళ కోసం పూజ ఎందుకు? ఇది బైబుల్లో ఎక్కడుంది? మేము నోరెత్తలేదు. ఎత్తడానికి మా దగ్గర ఏముంది గనక. "మా పెద్దలు చేసినారు, మేమూ చేస్తాం" అనేది ఒక్కటే మా జవాబు.

నవంబరు 2 దగ్గరపడింది. మృతుల పండుగ. ఆ రోజు మేమంతా ఊరి సమాధుల తోటకు పోయి, సమాధులు కడిగి, సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. గురువు వచ్చి తీర్థం చల్లి మంత్రిస్తారు. అవ్వ సమాధికి అది మొదటి ఏడు. ముందు రోజు రాత్రి అక్క ఫోన్ చేసింది. "నేను రాలేనురా. ఆయన వద్దంటున్నారు. అది వాక్యంలో లేదంట." ఆమె ఏడుస్తా ఉంది. అవ్వ పెంచిన బిడ్డ అక్క. అవ్వ సమాధి దగ్గర అక్క లేకుండా ఆ ఏడు గడిచిపోయింది.

ఆ రాత్రి నుంచే మేము చదవడం మొదలుపెట్టినాం.

మా సంగతి కొంచెం

మేము ఇంట్లో తెలుగు, బయట కన్నడ. పుంగనూరు వైపు నుంచి మా ముత్తాతల తాతలు ఇటు వచ్చినారని అవ్వ చెప్పేది. ఆ ప్రాంతంలో 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెసూట్ గురువులు పని చేసినారు. దాన్ని కర్ణాటక మిషన్ అనేవారు. అందరినీ 'కర్ణాటకం' అని పిలిచినా ఆ మిషన్ క్రైస్తవుల్లో చాలామంది తెలుగువాళ్ళే. అట్లాంటి కుటుంబాల్లో మాది ఒకటి.

మాలో ఇది రాస్తున్నవాడు చదివింది కన్నడ మీడియం. జ్ఞానోపదేశం నేర్చుకున్నదీ కన్నడలోనే. జపమాలను బళ్ళో 'జపసర' అనేవాళ్ళం, ఇంట్లో జపమాల అనేవాళ్ళం. పాపసంకీర్తనం గుళ్ళో 'పాపనివేదనె' అయ్యేది. తెలుగు అక్షరాలు నేర్పింది అవ్వే, తన ప్రార్థన పుస్తకంతో. కన్నడ వచ్చినవాడికి తెలుగు సగం వచ్చినట్టే అనేది. తలకట్టు చూసి భయపడొద్దు అనేది. తప్పులుంటే మన్నించండి.

ఇప్పుడు చేసే పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా 'ఇక్కడ తప్పుంది' అంటే కోపం తెచ్చుకోకూడదు, లేదని వాదించనూ కూడదు. ముందు వాళ్ళు చేసినట్టే చేసి, ఆ తప్పు మనకూ కనబడుతుందేమో చూడల్ల. కనబడితే ఒప్పుకోవల్ల. కనబడకపోతే ఎందుకు కనబడలేదో రాసి చూపించల్ల. బావ ప్రశ్నలను అట్లే పెట్టుకున్నాం. ఇంట్లో అందరం, నాయన, అమ్మ, అన్నదమ్ములం, కోడండ్లు, ఆదివారం పూజ అయినాక కూర్చొని ఒక్కో ప్రశ్నే తీసుకున్నాం. విచారణ గురువు కొన్ని పుస్తకాలిచ్చినారు.

మొదట తెలిసింది ఏమంటే, సగం గొడవ మాటల్లో ఉంది. మేము 'పూజకు పోతాం' అంటాం. కన్నడలో బలిపూజె, తెలుగులో దివ్యబలిపూజ. బావకు పూజ అంటే కొబ్బరికాయ, హారతి. ఆయన 'సువార్త' అంటే మేము 'సువిశేషం' అంటాం. ఆయన 'బాప్తిస్మం' మా 'జ్ఞానస్నానం'. ఆయన 'పరిశుద్ధులు' మా 'పునీతులు'. ఒకే బైబులు, ఒకే తెలుగు, రెండు నిఘంటువులు. ఈ సగం తీసేస్తే మిగిలిన సగం నిజమైన తేడా. దాన్ని మాటలతో కప్పేయలేం.

స్వరూపాల మాట

శివాజీనగర్ మరియమాత బసిలికా బెంగళూరువాళ్ళకు చెప్పనక్కర్లేదు. ప్రతి ఏడూ సెప్టెంబరు 8న పండుగ. ఆగస్టు 29న జెండా ఎక్కుతుంది. కాషాయం గుడ్డలు కట్టుకొని జనం నడిచొస్తారు. తల్లికి చీర కడతారు, తేరు లాగుతారు. బావ మా పెళ్ళి సంబంధం కుదిరిన కొత్తలో ఒకసారి అది చూసినారు. 'ఇది క్రైస్తవ్యమా?' అని ఆయన మనసులో అప్పుడే పడిపోయింది.

ఆయన చూపేది నిర్గమ కాండం 20వ అధ్యాయం. చెక్కిన రూపం చేసుకోవద్దు, దానికి సాగిలపడొద్దు. అది మాకూ ఆజ్ఞే. కానీ అదే పుస్తకంలో ఐదు అధ్యాయాలు దాటితే, 25:18–20లో, మందసం మీద బంగారు కెరూబులను రెండు చేయమని అదే దేవుడు చెప్పినాడు. సంఖ్యాకాండం 21లో కంచు పామును చేసి కొయ్యకు ఎత్తమన్నాడు, చూసినవాళ్ళు బతికినారు. అంటే రూపం చేయడమే పాపమైతే ఇవి రెండూ కుదరవు. రూపాన్ని దేవుడనుకోవడం పాపం.

క్రీ.శ. 787లో నైసియాలో జరిగిన రెండవ మహాసభ ఈ సంగతే తేల్చింది. ఆరాధన దేవునికి ఒక్కడికే. రూపానికి ఇచ్చేది గౌరవం, అది ఆ రూపం ఎవరిదో వాళ్ళకు పోతుంది. మా ఇంట్లో తాత ఫోటోకు దండ వేస్తాం. కాగితాన్ని తాత అని ఎవరూ అనుకోరు. ఫోటో కిందపడితే గబుక్కున ఎత్తి తుడుస్తాం. ఆ తుడవడం కాగితానికి కాదని చిన్నపిల్లకు కూడా తెలుసు.

ఇంతవరకు చెప్తే బావ ఊరుకోలేదు. రాజుల రెండవ గ్రంథం 18:4 తీసినారు. ఆ కంచు పామునే తర్వాత జనం ధూపం వేసి కొలుస్తుంటే హిజ్కియా రాజు దాన్ని పగలగొట్టినాడు. "దేవుడు చేయమన్న బొమ్మే చివరికి విగ్రహమైంది కదా?" అన్నారు. ఈ మాట నిజం. ఇక్కడ మేము ఒప్పుకున్నాం. మాలో కొందరు ఈ స్వరూపానికి శక్తి ఎక్కువ, ఆ స్వరూపానికి తక్కువ అంటారు. ఒక గుళ్ళో మొక్కు తీరకపోతే ఇంకో గుడికి పోతారు. ఇది సభ నేర్పింది కాదు, మా అజ్ఞానం. హిజ్కియా చేతిలోని సుత్తి మాకూ ఒక హెచ్చరికే. కానీ ఆయన పగలగొట్టింది పామును, మందసం మీది కెరూబులను కాదు. వాడకం చెడితే వాడకాన్ని దిద్దుకోవల్ల.

మరియమ్మ మాట

రెండో ప్రశ్న బరువైంది. తిమోతికి రాసిన మొదటి లేఖ 2:5 ప్రకారం దేవునికీ మనుషులకూ మధ్యవర్తి ఒక్కడే, క్రీస్తు. మరి మరియమ్మ ఎందుకు?

మేము ఆ అధ్యాయం మొదటి నుంచి చదివినాం. అదే పౌలు అదే అధ్యాయం మొదటి వచనంలో అందరి కోసం విజ్ఞాపనలు చేయమంటాడు. ఒకరి కోసం ఒకరు అడగడం క్రీస్తు స్థానాన్ని లాక్కోవడమైతే పౌలు తన మాట తానే కొట్టేసుకున్నట్టు. "బావా, పాపకు జ్వరమొస్తే మీరు పాస్టరుగారికి ఫోన్ చేసి ప్రార్థన చేయమంటారు కదా. నేరుగా ఏసునే అడగొచ్చు కదా?" అని అడిగినాం.

"ఆయన బతికున్నాడు" అన్నారు బావ.

అసలు తేడా అక్కడే ఉందని మాకు అప్పుడు తెలిసింది. పోయినవాళ్ళు బతికున్నారా లేదా? దేవుడు మృతుల దేవుడు కాడు, సజీవుల దేవుడు అని ఏసు సద్దూకయ్యులతో చెప్పినాడు, అబ్రహాము ఇస్సాకు యాకోబుల పేర్లెత్తి. దర్శన గ్రంథం 5:8లో, ప్రొటెస్టెంట్ల బైబుల్లో ప్రకటన గ్రంథమంటారు, పరలోకంలోని పెద్దలు బంగారు పాత్రల్లో పవిత్రుల ప్రార్థనలను పట్టుకొని ఉంటారు. మా నమ్మకం దీని మీద నిలబడింది. మరణం క్రీస్తు శరీరాన్ని రెండు ముక్కలు చేయలేదు. అక్కడివాళ్ళు ఇక్కడివాళ్ళ కోసం అడుగుతారు. సొంత శక్తితో కాదు, దేవుడిచ్చిన దానితోనే.

'పునీతులను అడగండి' అని ఒక్క వచనం చూపమంటే సూటిగా చూపలేం. అది ఒప్పుకోవల్ల. కానీ సభ తొలి కాలం నుంచే ఇది ఉంది. ఈజిప్టులో దొరికిన ఒక పాపిరస్ ముక్కలో దేవమాత శరణు కోరే గ్రీకు ప్రార్థన ఉంది. ఇప్పుడది ఇంగ్లండులోని మాంచెస్టరులో, జాన్ రైలండ్స్ గ్రంథాలయంలో ఉంది. అది 3వ శతాబ్దపుదని కొందరు, ఇంకా తర్వాతదని కొందరు అంటారు. ఎట్ల చూసినా లూథరు కంటే వందల ఏళ్ళ ముందుది.

ఏసుకు తమ్ముళ్ళున్నారు కదా, మరియమ్మ నిత్యకన్య ఎట్లా అని ఇంకో మాట. ఇది విని అమ్మ నవ్వింది. "మీ పెదనాయన కొడుకు మీకేమవుతాడు?" అని అడిగింది. అన్న అవుతాడు. పిన్నమ్మ కొడుకు తమ్ముడు. తెలుగువాళ్ళకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. అబ్రహాముకు లోతు అన్న కొడుకు. అయినా ఆదికాండం 13:8 ఇద్దరినీ సోదరులంటుంది. మార్కు 6:3లో యాకోబు, యోసే ఏసు సోదరులు. మార్కు 15:40లో యాకోబు, యోసేల తల్లి అని ఇంకో మరియ సిలువ దగ్గర నిలబడి ఉంది. ఆ పిల్లలు వీళ్ళే అయితే సోదరులన్న మాట మన లెక్కలోనే వాడినట్టు. గ్రీకులో పెదనాయన పిన్నమ్మల పిల్లలకు వేరే మాట ఉందని, కొలొస్సయుల లేఖ 4:10లో వాడినారని బావ గుర్తు చేసినారు. నిజమే. కాబట్టి ఇది తిరుగులేని రుజువని మేము అనము. కానీ మా నమ్మకం బైబులుకు విరుద్ధమని ఆయనా అనలేరు. మార్టిన్ లూథరు సైతం మరియమ్మ నిత్యకన్య అనే నమ్మినాడు. ఇది విని బావ ఆశ్చర్యపోయినారు. మేమూ అంతే.

జపమాల గురించి కూడా ఇక్కడే. వ్యర్థంగా ఒకే మాట తిప్పి తిప్పి చెప్పొద్దని మత్తయి 6:7. వ్యర్థంగా అన్నదే అక్కడ ముఖ్యం. గెత్సెమనిలో ఏసు మూడోసారి అవే మాటలతో ప్రార్థించినాడని అదే మత్తయి 26:44లో ఉంది. 136వ కీర్తనలో 26 చరణాలు, 26 సార్లూ ఒకే పల్లవి. జపమాలలో వేళ్ళు పూసలు లెక్కబెడతా ఉంటే మనసు క్రీస్తు జీవితం మీద ఉండల్ల. సంతోష, దుఃఖ, మహిమ దేవరహస్యాలు, 2002లో రెండవ జాన్ పాల్ పోపుగారు కలిపిన వెలుగు దేవరహస్యాలు. మనసు పొయ్యి మీది పాల మీద ఉంటే అది వ్యర్థమే, అందులో బావ మాటే గెలుస్తుంది. అవ్వకు చదువు లేదు, అచ్చు అక్షరాలు కూడబలుక్కొనేది. సువిశేషం మొత్తం ఆమెకు ఆ పూసల్లోనే ఉండేది.

పోయినవాళ్ళ మాట

అన్నిటికంటే మాకు కావలసింది ఇదే. అక్క సమాధి దగ్గరికి రాలేకపోయింది దీనివల్లే.

మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో యూదా మక్కబీ యుద్ధంలో పోయిన తన సైనికులను పాతిపెట్టబోతాడు. చూస్తే వాళ్ళ అంగీల కింద విగ్రహాల తాయెత్తులున్నాయి. పాపంలో పోయినారు. యూదా వాళ్ళను వదిలేయలేదు. రెండు వేల ద్రాక్మాల వెండి పోగుచేసి, పాపపరిహార బలి కోసం యెరూషలేముకు పంపినాడు. పునరుత్థానం ఉందనుకున్నాడు గనకనే అట్ల చేసినాడని ఆ గ్రంథం మెచ్చుకుంటుంది.

"ఆ పుస్తకం బైబుల్లో లేదు" అంటారు బావ. ఆయన బైబుల్లో 66 పుస్తకాలు, మా దాంట్లో 73. మేము కలిపినామని వాళ్ళు, వాళ్ళు తీసేసినారని మేము. చదివితే రెండూ అంత సులువైన మాటలు కావు. గ్రీకు మాట్లాడే యూదుల్లో ఈ పుస్తకాలు చదివేవాళ్ళు. తొలి క్రైస్తవులు ఎక్కువగా ఆ గ్రీకు గ్రంథాలే వాడినారు. పునీత జెరోముకే వీటి మీద అనుమానముండింది. అయినా హిప్పోలో 393లో, కార్తేజిలో 397లో కూడిన సభలు వీటిని జాబితాలో పెట్టినాయి. లూథరు 1534లో తన జర్మన్ బైబుల్లో వీటిని తీసేయలేదు, విడిగా ఒక భాగంలో పెట్టినాడు. ట్రెంటు మహాసభ 1546లో ఇవి పవిత్ర గ్రంథాలే అని గట్టిగా చెప్పింది. 1611 నాటి ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబుల్లో కూడా ఇవి నడుమ అచ్చయి ఉన్నాయి. పవిత్ర గ్రంథమని ఒప్పుకోకపోయినా ఒకటి మాత్రం కాదనలేం. క్రీస్తు పుట్టకముందే యూదులు పోయినవాళ్ళ కోసం దేవుణ్ణి అడిగినారు. అది రోములో పుట్టిన ఆచారం కాదు.

ఇక ఉత్తరించు స్థలం. ఉత్తరించడమంటే దాటడం. కొరింతీయుల మొదటి లేఖ 3:13–15లో పౌలు ఒక్కొక్కరి పనినీ అగ్ని పరీక్షిస్తుందనీ, పని కాలిపోయినా ఆ మనిషి అగ్నిలోంచి పోయినట్టు రక్షణ పొందుతాడనీ రాసినాడు. "సిలువ చాలదా? ఏసు రక్తం కడగనిది ఆ అగ్ని కడుగుతుందా?" అని బావ అడిగినారు. ఇది మంచి ప్రశ్న. సభ జవాబు ఇది: ఉత్తరించు స్థలం రక్షణ దొరకని వాళ్ళకు రెండో అవకాశం కాదు. రక్షణ దొరికినవాళ్ళకే అది. కడిగేదీ క్రీస్తే.

మాకు తట్టింది ఇట్ల. చిన్నప్పుడు మేము రాగిచేను నుంచి బురద కాళ్ళతో పరుగెత్తుకొచ్చేవాళ్ళం. అవ్వ గడప దగ్గర చెంబుతో నిలబడేది. "ఆగప్పా, కాళ్ళు కడుక్కో" అనేది. తానే వంగి కడిగేది. ఈ ఇల్లు నాదా కాదా అని ఆ బిడ్డకు అనుమానం రాదు. వాకిట్లోకి వచ్చేసినాడు. లోపల దీపం కనబడుతుంది. బురద మాత్రం లోపలికి రాకూడదు.

బావ అది విని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "కథ బాగుంది. వాక్యం మాత్రం నాకు అట్లా చెప్పడం లేదు" అన్నారు.

ఇక్కడా మా తప్పు ఒకటుంది. లూథరు 1517లో గొంతెత్తింది ఊరికే కాదు. పాపశిక్ష పరిహారాలను డబ్బుకు అమ్మినారు. తర్వాత ట్రెంటు సభ ఆ డబ్బు వ్యాపారాన్ని ఖండించింది. ఇప్పటికీ మా ఊళ్ళలో 'ఎంత ఎక్కువిస్తే ఆత్మ అంత తొందరగా పోతుంది' అనుకునేవాళ్ళున్నారు. అది తప్పు. కానుక ఇవ్వలేని పేదల తలంపుల కోసం కూడా పూజ చేయమని సభ చట్టం గురువులను కోరుతుంది. ఇది తెలియక మా పక్కింటి ముసలామె పెనిమిటి పేర పూజ చెప్పించడానికి కోళ్ళు అమ్ముకుంది. ఆ రోజు ఆమెకు ఎవరైనా చెప్పి ఉండల్ల. మేమే చెప్పి ఉండల్ల.

ఈ చదువులో మమ్మల్ని కదిలించింది పునీత అగుస్తీను తల్లి మోనిక సంగతి. క్రీ.శ. 387లో ఆమె సొంత ఊరికి దూరంగా ఓస్తియా రేవులో పోయింది. నా శరీరం ఎక్కడైనా పెట్టండి, దిగులు వద్దు, బలిపీఠం దగ్గర మాత్రం నన్ను తలుచుకోండి అని కొడుకులను అడిగిందట. ఆమె కొడుకే తన పుస్తకంలో రాసుకున్నాడు. మా అవ్వ చివరి వారంలో అడిగిందీ అదే. "సమాధికి గ్రానైటు గీనైటు వద్దురా. నా పేర పూజ చెప్పించండి." పదహారు వందల ఏళ్ళ దూరంలో ఇద్దరు తల్లులు ఒకే మాట అడిగినారు. అవ్వకు మోనిక కథ తెలుసని మేమనుకోం.

ఇది మనతో మొదలైంది కాదు

ఈ వాదం మన దక్షిణాదిలో దాదాపు మూడు వందల ఏళ్ళ నుంచి ఉంది. 1706లో లూథరన్ గురువులు తమిళనాట తరంగంబాడిలో దిగినారు. అదే కాలంలో అక్కడ బెస్కీ అనే జెసూట్ గురువు ఉన్నాడు. తమిళులు వీరమామునివర్ అని కొలుస్తారు. పునీత జోజప్ప మీద తేంబావణి అనే పెద్ద తమిళ కావ్యం రాసినాయనే లూథరన్లకు జవాబుగా వేదవిళక్కం అనే పుస్తకం కూడా రాసినాడు. అంటే బావా మేమూ భోజనాల దగ్గర అనుకునే మాటలే అప్పుడు ఆ సముద్రం ఒడ్డున అనుకున్నారు. ఆ కాలంలో రెండు వైపులా మాటలు కఠినంగా ఉండేవి.

ఇప్పుడు కాలం మారింది. రెండవ వాటికన్ మహాసభ 1964లో ప్రొటెస్టెంట్లను విడిపోయిన సోదరులంది. త్రిత్వ నామంలో నీళ్ళతో సరిగా ఇచ్చిన వాళ్ళ బాప్తిస్మాన్ని మన సభ నిజమైన జ్ఞానస్నానంగా ఒప్పుకుంటుంది. మనిషి నీతిమంతుడయ్యేది దేవుని కృప వల్లనే అని కతోలిక సభా, లూథరన్ సమాఖ్యా కలిసి 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బుర్గులో సంతకాలు పెట్టినాయి. లూథరు గొంతెత్తిన తారీఖు కూడా అక్టోబరు 31. ఈ సంగతి బావకు చెప్తే, "మా పాస్టరుగారికి ఇది తెలుసో లేదో" అన్నారు. మా గుళ్ళో కూడా ఎంతమందికి తెలుసని.

బావ వల్ల మాకు జరిగిన మేలు చెప్పకపోతే తప్పు. మా ఇంట్లో బైబులు ప్లాస్టిక్ కవరులో, బీరువాలో ఉండేది. ఎవరికైనా బాగాలేకపోతే తలకింద పెట్టేవాళ్ళం. ఇప్పుడు ప్రతి రాత్రి జపమాలకు ముందు ఒక అధ్యాయం చదువుతాం. నాయన కళ్ళద్దాలు పెట్టుకొని కన్నడలో చదువుతాడు, కోడండ్లు తెలుగులో. ప్రశ్న అడిగిన మనిషి లేకపోతే ఆ కవరు ఇంకా అట్లే ఉండేది.

పోయిన నవంబరు

పోయిన నవంబరు 2న అక్క వచ్చింది. బావ కారు నడుపుకొని ఆయనే తీసుకొచ్చినారు. గేటు దగ్గర ఆగిపోతారనుకున్నాం. లోపలికొచ్చినారు. ప్యాంటు మడిచి మాతో పాటు అవ్వ సమాధి కడిగినారు, బకెట్టుతో సున్నం మోసినారు. కొవ్వొత్తి మాత్రం వెలిగించలేదు. గురువు తీర్థం చల్లేటప్పుడు రెండడుగులు వెనక్కి జరిగి నిలబడినారు. అయినాక, "నేనొక కీర్తన చదవనా?" అని నాయనను అడిగినారు. 23వ కీర్తన చదివినారు. చూడకుండానే. "ఇది ఆమె కోసం కాదు మామా, మన కోసం" అన్నారు. నాయన తల ఊపినాడు.

అక్క బ్యాగులోంచి జపమాల తీసింది. ఇన్నాళ్ళూ పెట్టెలో చీరల కింద దాచిపెట్టుకునేదని తర్వాత చెప్పింది. బావ చూసినారు. ఏమీ అనలేదు.

అన్నీ తేలిపోలేదు. అక్క బిడ్డకు జ్ఞానస్నానం ఇంకా కాలేదు. పెద్దయినాక తానే ఎంచుకోనీ అని బావ. అపొస్తలుల కార్యాలు 16లో లూదియా ఇంటివారంతా, చెరసాల కాపరి ఇంటివారంతా ఒకేసారి స్నానం పొందలేదా అని మేము. ఆ ఇంట్లో పసిపిల్లలున్నారని ఎక్కడ రాసుంది అని ఆయన. ఇద్దరి మధ్య అక్క. ఆ బిడ్డను నిద్రపుచ్చేటప్పుడు నుదుటి మీద సిలువ గుర్తు వేస్తుందంట, అవ్వ మాకు వేసినట్టే. అది చూసి బావ ఆపలేదంట. ఇప్పటికి అంతే.

మీ ఇళ్ళలోనూ ఈ ప్రశ్నలు వచ్చే ఉంటాయి. తమిళనాట ఉన్నా, ముంబైలో ఉన్నా, యానాంలో ఉన్నా, మనవాళ్ళ పెళ్ళిళ్ళు ఇప్పుడు అన్ని సంఘాలతోనూ జరుగుతున్నాయి. అడిగినవాళ్ళ మీద కోపపడకండి. పెద్దల దగ్గర పాత తెలుగు ప్రార్థన పుస్తకాలుంటే దాచిపెట్టండి, పిల్లలకు ఒక్క పేజీ అయినా చదివించండి. కన్నడంలో చదివినా తమిళంలో చదివినా పరవాలేదు, తలకట్టు చూసి భయపడొద్దని చెప్పండి.

ఈ నవంబరు అవ్వకు మూడో ఏడు. పూజ ఉదయం ఏడింటికి చెప్పించినాం. బావ మళ్ళీ కారు తెస్తానన్నారు.